దోమ ఎగిరినంత మేర

వినాయక చవితి వెళ్లిన వారంలో మా వీధిలో మూడిళ్లలో జ్వరాలు పట్టుకున్నాయి. మూడోది మా ఎదురింటి పిల్లాడికి. అమలాపురం తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే డెంగీ అన్నారు. ఆ నాలుగు రోజులూ వీధిలో ఎవరు ఎదురుపడినా ఒకటే మాట: "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయంటండీ?" పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె, మధ్యలో అందరికీ టెన్షన్. ఐదో రోజున పంచాయతీవాళ్లు పొగ మిషను పంపారు. అది మలుపు తిరిగి మా వీధిలోకి రాగానే అందరం గబగబా తలుపులు, కిటికీలు వేసేసుకున్నాం. పొగ సర్దుకున్నాక తెరిచి, హమ్మయ్య, ఇక దోమల పీడ వదిలిందనుకున్నాం.

వదల్లేదు. పిల్లాడు దేవుడి దయవల్ల కోలుకున్నాడు కానీ, ఆ తర్వాత పది రోజుల్లో ఇంకో ఇద్దరు పడ్డారు. ఎందుకిలా అని అడగడం మొదలుపెడితే తేలిన సంగతి ఏమిటంటే, ఆ రోజు మేం మందును బయటే ఆపేసి దోమల్ని ఇంట్లో దాచుకున్నాం. డెంగీని మోసే ఏడిస్ దోమ ఇంట్లోనే కాపురం పెడుతుంది. మంచం కింద, తలుపు వెనక వేలాడేసిన బట్టల్లో, మసకచీకటి మూలల్లో వాలి ఉంటుంది. పగలు కుడుతుంది. పొగ మందు గాలిలో ఉన్న కాసేపు తగిలిన దోమను మాత్రమే చంపుతుంది. గంట తిరిగేసరికి దాని ప్రభావం ఉండదు. నీళ్లలో ఉన్న పురుగును అది అసలు తాకదు. కాబట్టి పొగ పెట్టేటప్పుడు తిండి పదార్థాలు, తాగే నీళ్లు మూతపెట్టి, మనుషులు బయటికి వచ్చి, తలుపులు తెరిచి ఉంచాలి. ఇంత చిన్న సంగతి మాకు ముందు రోజు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఊరి ఆరోగ్యం ఊరివాళ్ల చేతుల్లోనే ఉందని సభల్లో వింటూ ఉంటాం. ఆ మాట నిజమే. అయితే ఎవరు, ఎంతమంది, ఏ రోజున, ఏ పని చేయాలో తేలనంతవరకు దానివల్ల ఒక్క దోమ కూడా చావదు. నాకు అర్థమైనంతలో అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక్కో సమస్యకు ఒక్కో మేర ఉంటుంది. ఆ మేరకు సరిపడా మనుషులు కలిస్తే పని జరుగుతుంది. అంతకన్నా తక్కువమంది కలిస్తే చాకిరీ వృథా, ఎక్కువమంది కలిస్తే ఎవరి పని ఏదో తెలియదు.

డెంగీ సంగతే తీసుకుందాం. ఏడిస్ దోమ పెద్దగా ఎగరలేదు. మామూలుగా పుట్టినచోటి నుంచి వంద, రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే మన పిల్లాణ్ణి కుట్టిన దోమ మన ఇంట్లోనో, మన వీధిలోనో పుట్టింది. మురుగుకాలువ కంపు కొడుతోందని, అందుకే డెంగీ వస్తోందని మేమంతా అనుకునేవాళ్లం. ఏడిస్ మురుగులో గుడ్లు పెట్టదు. దానికి మనం వాడుకునేలాంటి తేట నీళ్లు కావాలి. ఒక్కడే తన ఇల్లు అద్దంలా ఉంచుకున్నా పక్కింటి తొట్టిలో పుట్టింది వచ్చి కుడుతుంది. ఊరు మొత్తం కదలాలంటే కదలదు. ఈ దోమ మేర వీధి. ఇరవై, ముప్ఫై ఇళ్లు కలిస్తే చాలు.

అప్పుడు మా వీధికి వచ్చిన ఆశా కార్యకర్త చేసిన పని ఒకటి చెప్పాలి. ఆవిడ ఉపన్యాసమేం ఇవ్వలేదు. మా పెరట్లోకి వచ్చి, "అన్నయ్యగారూ, ఫోనులో లైటు వేసి ఇలా పట్టండి" అంది. గ్రైండరు వచ్చాక మూలన పడేసిన రుబ్బురోలు అది. గుంటలో జానెడు వాన నీరు, పైన రెండు వేపాకులు. ఆకులు తీసి చూస్తే నీటి పై అంచుకు తోకలు ఆనించి, తలకిందులుగా వేలాడుతున్న సన్నటి పురుగులు, పాతిక దాకా ఉంటాయి. ఆవిడ చేతి నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. నిమిషంలో ఒక్కొక్కటే మళ్లీ గాలి కోసం పైకి వచ్చాయి. ఎదురింట్లో పిల్లాడు మంచం మీద ఉన్నాడు, ఇక్కడ మా పెరట్లో ఇవి ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు.

నేను రోలు పక్కకి వంచి నీళ్లు పారబోయబోతే ఆవిడ ఆపింది. "పారబోస్తే సరిపోదండీ, గోడలు తోమాలి" అంది. ఏడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ వాన పడి నీళ్లు అంచుకు తగలగానే పొదుగుతాయి. వేసవిలో ఎండిన తొట్టి తొలకరికి దోమల తొట్టి అయ్యేది అందుకే. పీచుతో గట్టిగా తోమి, కడిగి, బోర్లిస్తేనే పని పూర్తయినట్టు.

శుక్రవారం డ్రై డే అని మన దగ్గర ప్రచారం చేస్తారు. వారానికి ఒకసారే ఎందుకంటే, మన వేడికి గుడ్డు దోమ అవడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. ఏడు రోజులకోసారి నీళ్లు ఒలికించి తోమితే దోమకు రెక్కలొచ్చే లోపే ఆ గొలుసు తెగుతుంది. రెండు వారాలు మానేస్తే మొదటికొచ్చినట్టే. అందుకే ఒకరోజు పదిమందీ చీపుళ్లు పట్టుకుని ఫొటో దిగితే పని కాదు. మన తెలుగువాళ్లకు ఆరంభశూరత్వం ఎక్కువంటారు. ఆ మాటకు దోమ కన్నా గట్టి సాక్షి లేదు.

కోనసీమలో ఇంకో తిప్పలు కొబ్బరి. తాగి పారేసిన బొండాలు, వలిచిన డొక్కలు, కొట్టు వెనక పడేసిన చిప్పలు ఎన్నని ఏరుతాం? ఒక్కో చిప్పలో గుక్కెడు నీళ్లు నిలిస్తే చాలు దోమకు. మా వీధిలో చిప్పలన్నీ బోర్లా పడేయడం, బొండాలను నాలుగు చెక్కలుగా నరికి పడేయడం అలవాటు చేసుకున్నాం. నరికితే నీళ్లు నిలవవు, త్వరగా ఎండుతాయి, పొయ్యిలోకీ పనికొస్తాయి. మిగతావి చాలావరకు అందరికీ తెలిసినవే. ట్యాంకు మూత, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింద పళ్లేలు, పశువుల తొట్టి, పాత టైర్లు. ఫ్రిజ్ వెనక ట్రే ఒకటి ఉంటుందని చాలామందికి తెలియదు, తప్పకుండా చూడండి.

పని జరుగుతోందో లేదో తెలియాలంటే లెక్క ఉండాలి. ఆరోగ్యశాఖవాళ్లు వంద ఇళ్లు తిరిగి, ఎన్ని పాత్రల్లో పురుగు కనిపించిందో లెక్కేస్తారు. దాన్ని బ్రెటో సూచిక అంటారు. అదే పనిని వీధిలో హైస్కూలు పిల్లలు ఒక నోటుపుస్తకంతో చేయగలరు. పోయిన వారం ముప్ఫై ఇళ్లలో తొమ్మిది పాత్రలు, ఈ వారం నాలుగు అని రాసి గుడి అరుగు మీద అతికిస్తే చాలు. ఎవరి ఇంట్లో దొరికిందో పేరు మాత్రం రాయకూడదు. పేరు రాసిన మరుసటి వారం ఆ ఇంటివాళ్లు గేటు తీయరు.

ఇక రెండో దోమ సంగతి. గోదావరి జిల్లాలవాళ్లకు దీని గురించి ఒకరు చెప్పక్కర్లేదు. బోదకాలు, అంటే ఫైలేరియా, చూడని ఇంటివాళ్లు మా పెద్దల తరంలో తక్కువ. గజ్జల్లో బిళ్లలు కట్టి చలిజ్వరం రావడం, కాలు వాయడం, మగవాళ్లకు వరిబీజం, దాన్ని సిగ్గుతో పంచె కింద దాచుకుని ఏళ్లకేళ్లు బాధపడడం ఇక్కడి జీవితంలో భాగమైపోయాయి. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లోనే మొదలైంది. ఫైలేరియా పని కోసమే రాజమహేంద్రవరంలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ ఉందంటే ఈ నేల మీద ఈ జబ్బు ఎంత పాతుకుపోయిందో తెలుస్తుంది.

దీన్ని మోసే క్యూలెక్స్ దోమ నడత ఏడిస్‌కు పూర్తిగా ఎదురు. ఇది మురుగులో పుడుతుంది, రాత్రి కుడుతుంది, ఇంకాస్త దూరం ఎగురుతుంది. ఇక్కడ వీధి చాలదు. మురుగు ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో అక్కడిదాకా దీని మేర. మన డెల్టా నేలది మరో ఇబ్బంది. భూమి బల్లపరుపుగా ఉంటుంది, వాలు తక్కువ కాబట్టి కాలువ నెమ్మదిగా పారుతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కింది డ్రెయిన్లలో నీరు వెనక్కి ఎగదన్నుతుంది. గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకుంటే ఆ కాస్త పారుదలా ఆగిపోతుంది. ఇంకుడు గుంత తవ్వుకోండని మెట్ట ప్రాంతాలకు ఇచ్చే సలహానే మనకూ ఇస్తారు. వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీరు ఊరే నేలలో అది ఇంకుడు గుంత కాదు, దోమల గుంత అవుతుంది. నేల తీరు చూడకుండా సలహా ఇస్తే ఇలాగే ఉంటుంది. ఇక్కడ కావాల్సింది కాలువ కదలడం. పూడిక తీయడం, చెత్త వేయకపోవడం, మరుగుదొడ్డి ట్యాంకు గాలిగొట్టానికి వల కట్టడం. ఆ గొట్టం మూతికి సన్నటి నైలాన్ వల ముక్క చుట్టి తీగతో బిగిస్తే లోపల పుట్టిన వేల దోమలు బయటికి రావు. పది నిమిషాల పని. ఊళ్లో సగం ఇళ్లకు ఆ వల ఉండదు.

ఫైలేరియాలో ఊరంతా కలవాల్సిన రెండో పని మాత్ర మింగడం. దీని వెనక ఉన్న కారణం సరిగ్గా చెప్పనందువల్లే జనం మింగరని నా నమ్మకం. దోమ మన ఒంట్లో వదిలిన పురుగు పెరిగి, లక్షల సంఖ్యలో పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లపురుగులు పగలు లోపలి అవయవాల్లో దాక్కుని, రాత్రి వేళ, అంటే క్యూలెక్స్ కుట్టే వేళకు, చర్మం కిందికి వస్తాయి. అందుకే రక్త నమూనా కోసం రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక ఇంటికొచ్చి వేలు గుచ్చుతారు. "పగలు రావచ్చు కదా, అర్ధరాత్రి ఈ గొడవేంటి" అని మా బాబాయిగారు ఒకసారి వాళ్లను గుమ్మంలోంచే పంపించేశారు. పగలు తీస్తే ఏమీ కనిపించదని తెలిసుంటే కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు.

పురుగు ఒంట్లో ఉన్నా ఏళ్ల తరబడి పైకి ఏమీ కనిపించకపోవచ్చు. కాలు మామూలుగానే ఉంటుంది, మనిషి ఆరోగ్యంగానే తిరుగుతాడు. కానీ అతన్ని కుట్టిన దోమ పక్కవాడికి అంటిస్తూనే ఉంటుంది. జబ్బున్నవాళ్లకే మందు ఇస్తే చాలదు కాబట్టి 2004 నుంచి దేశమంతటా జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ డీఈసీ అనే ఫైలేరియా మాత్రలు, తర్వాత వాటితోపాటు నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఇస్తూ వచ్చారు. జనాభా మొత్తంలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే, అలా ఏళ్లపాటు వరుసగా జరిగితేనే దోమకు దొరికే పురుగులు తగ్గి గొలుసు తెగుతుంది. పంచినవి లెక్కలోకి రావు, కడుపులోకి పోయినవే లెక్క. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. పరగడుపున వేసుకోకూడదు.

"మాత్ర వేసుకుంటే జ్వరం వచ్చిందండీ, మంచి మందు కాదు" అన్న మాట ప్రతి ఊళ్లోనూ వినపడుతుంది. ఆ జ్వరం, తలనొప్పి చాలావరకు లోపలి పిల్లపురుగులు చావడం వల్ల వచ్చేవి. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. ఆ జ్వరం వచ్చినవాడికే ఆ మాత్ర అవసరం ఎక్కువని చెప్పాలి. ఈ మాట కాగితం మీద అచ్చేసి పంచితే ఎవరూ చదవరు. తెలిసిన పిన్నిగారు గుమ్మంలో నిలబడి, ముందు తాను మింగి, "నాకూ వచ్చింది జ్వరం, రెండో రోజుకి తగ్గిపోయింది, ఏం కాదు వేసుకో" అంటే వేసుకుంటారు. దేశం 2027 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని గడువు పెట్టుకుంది. ఆ గడువును తేల్చేది ఇలాంటి గుమ్మాలే. కాలు ఇప్పటికే వాచినవాళ్లను మరిచిపోకూడదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుంటే జ్వరాలు బాగా తగ్గుతాయి. వంగి కాలు కడుక్కోలేని ముసలివాళ్లకు ఎవరో ఒకరు సాయం చేయాలి. ఏ కార్యక్రమం లెక్కల్లోనూ రాని పని అది.

తాగే నీళ్ల సంగతికి వస్తే మేర ఇంకా మారుతుంది. సముద్రం వైపు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరే. కాబట్టి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన 1852 నుంచి మనకు పంటకైనా గొంతుకైనా కాలువే దిక్కు. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. ఆ చెరువు గట్టు మీద పశువుల్ని కడగనివ్వకుండా, చెత్త పడనివ్వకుండా వేసవి అంతా కాపాడాలి. ఇది ఊరంతటి పని. చెరువు నీళ్లు వడకట్టి, క్లోరిన్ కలిపి ట్యాంకుకు ఎక్కించాక పాడయ్యేది దారిలో. కుళాయి గొట్టం చాలాచోట్ల మురుగుకాలువలోంచే పోతుంది. నీళ్లు వదలని వేళల్లో గొట్టం ఖాళీగా ఉంటే పగుళ్లలోంచి మురుగు లోపలికి చేరుతుంది. దానికి తోడు ఎవరో ఒకరు కుళాయికి మోటారు తగిలిస్తే ఆ లాగుడుకు గొట్టం చుట్టూ ఉన్న మురికి కూడా వస్తుంది. మోటారు పెట్టినవాడి నీళ్లే కాదు, వీధి నీళ్లన్నీ పాడవుతాయి. పక్కవాడి వాటా లాక్కున్నాడని మాత్రమే మనం దెబ్బలాడుతుంటాం. వాంతులు, విరేచనాలు కూడా దాని వెంటే వస్తాయని చెబితే వినేవాళ్లు ఇంకొందరు ఉంటారు.

దీనికి పరీక్ష చాలా తేలిక. ట్యాంకు దగ్గర కాకుండా, గొట్టం చివరి ఇంటి కుళాయి నీళ్లు పట్టి పరీక్ష మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. రంగే రాలేదంటే దారిలో ఎక్కడో మురికి కలిసి క్లోరిన్ ఖర్చయిపోయిందన్నా, అసలు కలపలేదన్నా అనుకోవాలి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు ఈ పరీక్షలు నేర్పాలని నియమం ఉంది. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో, ఆ కిట్టు ఏ బీరువాలో ఉందో అడగండి. ఆర్‌వో టిన్ను కొనుక్కుంటున్నాం, మాకు దీనితో పనేంటి అనేవాళ్లకు ఒక మాట. ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు. టిన్ను సరిగ్గా కడగకపోతే అందులో చేరిన క్రిమిని చంపేది ఏదీ లేదు.

నీళ్లతో ఉన్న ఇంకో భయం మునక. దీని మేర అన్నిటికన్నా చిన్నది, ఒక్క రేవు. కాలువ గట్టు మీద బతికేవాళ్లం, ఇంటి ముందే నిండు కాలువ. మనలాగే నీటి మధ్య బతికే బంగ్లాదేశ్‌లో పరిశీలిస్తే చిన్నపిల్లల మునకలు ఎక్కువగా పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య, తల్లులు ఇంటి పనుల్లో ఉండగా, ఇంటికి దగ్గర్లోనే జరుగుతున్నాయని తేలింది. ఆ వేళకు పిల్లల్ని ఊళ్లోనే ఒకచోట చేర్చి చూసుకునే ఏర్పాటు చేస్తే చావులు బాగా తగ్గాయి. మన అంగన్‌వాడీలు నడిచేదీ ఆ వేళల్లోనే. రేవుకు పోయే దారిలో ఒక చిన్న వెదురు గేటు, గట్టు మీద చెట్టుకు ఒక పొడవాటి తాడు, దానికి కట్టిన ఖాళీ నూనె డబ్బా ఉంటే ఈత రానివాడు కూడా దూకకుండా సాయం చేయగలడు. బయటికి తీసిన పిల్లాణ్ణి తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం చేయకూడదు. ఊపిరి ఆడకపోతే ముందు నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, ఇంకొకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇది చదివితే వచ్చేది కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వాళ్లను పిలిచి రేవు దగ్గరే ఒక పూట నేర్పించుకోవాలి.

మరి వీటన్నిటికీ ఎవరు పూనుకోవాలి? కొత్త సంఘం పెట్టక్కర్లేదు. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ప్రతి ఊరికీ గ్రామ ఆరోగ్య, పారిశుధ్య కమిటీ ఉండాలి. పంచాయతీ సభ్యులు, ఆశా, అంగన్‌వాడీ టీచరు, డ్వాక్రా సభ్యులు అందులో ఉంటారు. చిన్న చిన్న ఖర్చులకు ఏటా పది వేల రూపాయల దాకా ఇవ్వాలన్న ఏర్పాటుతో మొదలైంది. వల గుడ్డకు, బ్లీచింగుకు, తాడుకు అవి చాలు. చాలా ఊళ్లలో ఈ కమిటీ కాగితం మీద ఉంటుంది, అందులో ఉన్న మనిషికే తానున్నట్టు తెలియదు. గ్రామసభలో లేచి, "మన కమిటీలో ఎవరెవరున్నారండీ?" అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు పెద్దలు. మా ఊళ్లో పెద్దవీధి మురుగు పల్లానికి పోతుంది. పల్లంలో ఉన్నది పేట. పెద్దవీధిలో కాలువ శుభ్రం చేసి నీళ్లు జర్రున పారేలా చేస్తే, ఆ మురుగంతా పేటలో ఇళ్ల వెనక నిలుస్తుంది. మా వీధి కమిటీ వేసుకున్న మొదటి ఏడాది మేం చేసింది ఇదే. మా వీధి బాగుపడిందని సంబరపడ్డాం. పేటవాళ్లు వచ్చి చూపించేదాకా మాకు తోచలేదు. అప్పటికీ కొందరు, "అది వాళ్ల కాలువ కదా" అన్నారు. దోమకు పెద్దవీధి, పేట తేడా తెలియదు. మనుషులుగా మనకైనా ఆ తేడా ఉండకూడదు. మురుగు కాలువకు కమిటీ వేస్తే కాలువ చివరి ఇంటి నుంచి మొదలుపెట్టాలి, నీళ్ల పరీక్ష చేస్తే చివరి కుళాయి దగ్గర చేయాలి. చాకిరీ అంతా ఆడవాళ్ల మీద వేసి, మైకు మాత్రం మగవాళ్లు పట్టుకునే పద్ధతీ పోవాలి. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగితే, "మళ్లీ వచ్చావా" అనడం కాదు, వీధికి ఒకరు ఆమె వెంట నడవాలి.

మా వీధిలో ఇప్పటికీ పూర్తిగా తేలని సమస్య తాళం వేసిన ఇళ్లు. పిల్లలు హైదరాబాదులోనో, కువైట్‌లోనో ఉంటారు. ఇంట్లో సంపు నిండా నీళ్లు, డాబా మీద మూత పగిలిన ట్యాంకు, ఎవరూ వాడని బాత్‌రూమ్ కమోడులో నిలిచిన నీళ్లు. ముప్ఫై ఇళ్లలో మూడు ఇలాంటివి ఉంటే మిగతా ఇరవై ఏడు తోమినా లాభం అంతంతే. గోడ దూకలేం, తాళం పగలగొట్టలేం. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా కుడిపక్క ఇంటివాళ్లబ్బాయిని అత్తయ్యగారు కూర్చోబెట్టి, రుబ్బురోలు సంగతి, ఎదురింటి పిల్లాడి జ్వరం సంగతి చెప్పారు. వెళ్లేముందు రోజు అతను వచ్చి డాబా మెట్ల గేటు తాళంచెవి, సంపు మూత తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వాటికి ఎర్ర దారం కట్టి, వంటింటి గుమ్మం పక్కన మేకుకు తగిలించారు. శుక్రవారం పొద్దున కాఫీలయ్యాక ఎవరి వంతైతే వాళ్లు వచ్చి అడుగుతారు, "అత్తయ్యగారూ, తాళంచెవులు ఇలా ఇస్తారా?"